మినీవ్యాన్ రొద, అదురు, మైలేజీ: ఒక మరమ్మతు డైరీ

ఓడోమీటరు 1,18,420 కి.మీ.

ఏడు సీట్ల మా పెట్రోలు మినీవ్యాన్ మీద ఇంట్లో ఉన్న ఫిర్యాదులన్నింటినీ ఒక నోటుపుస్తకంలో రాసుకోవడంతో ఈ రోజు పని మొదలుపెట్టాను. "బండి బాగా మోత మోగుతోంది, పెట్రోలు ఎక్కువ తాగుతోంది" అని ఇంతకాలం ఒకే మాటగా చెప్పుకుంటూ వచ్చిన విషయం, ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగేసరికి ఎనిమిది ఫిర్యాదులైంది. అమ్మ ఎప్పుడూ మూడో వరుసలో కూర్చుంటుంది కాబట్టి ఆమెకు వినిపించేది నాకు వినిపించదు. "కింద ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు ఉందిరా, నువ్వు వేగం పెంచితే అదీ పెరుగుతోంది" అని ఆమె చెప్పిన మాటను ఉన్నదున్నట్టుగా రాసుకున్నాను. వేగంతో పాటు పెరుగుతోందన్న ఆ ఒక్క గమనికతోనే వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

నోటుపుస్తకంలో చేరినవి ఇవి. గంటకు 85 నుంచి 100 కిలోమీటర్ల మధ్య స్టీరింగు, నేల కలిసి వణుకుతున్నాయి. వెనుక నుంచి తిరగలి హోరు వస్తోంది. ఆరో గేరులో నెమ్మదిగా వెళ్లేటప్పుడు అప్పుడప్పుడు చెవులు దిబ్బడ వేసినట్టు ఒక బరువైన గుమ్మనే ధ్వని వస్తోంది. బ్రేకు తొక్కి ఆగి ఉన్నప్పుడు సీటు అదురుతోంది. చిన్న గతుకుల మీద ముందు భాగంలో టకటక, జారుడు తలుపు దగ్గర కిర్రు, 80 దాటితే పైకప్పు మీద ఈల. చివరిది మైలేజీ: రెండేళ్ల కిందటి లెక్కల్లో లీటరుకు 11.2 కిలోమీటర్లు ఉండగా, గత మూడు ట్యాంకుల్లో 130.1 లీటర్లకు 1,236 కిలోమీటర్లు, అంటే సరిగ్గా 9.5 మాత్రమే వచ్చింది.

ప్రతి ఫిర్యాదు పక్కన నాలుగు ప్రశ్నలకు జవాబు రాసేవరకు ఒక్క నట్టు కూడా విప్పకూడదని నిర్ణయించుకున్నాను. ఏ వేగంలో వస్తుంది, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతున్నప్పుడు వస్తుంది, యాక్సిలరేటరు తొక్కినప్పుడా వదిలినప్పుడా, మలుపులో మారుతుందా. గతంలో ఇవేమీ అడగకుండానే రెండు షాక్ అబ్సార్బర్లు మార్పించి, అదే వణుకుతో ఇంటికి తిరిగి వచ్చిన అనుభవం నాకు ఉంది.

1,18,465 కి.మీ.

ఈ రోజంతా కొలతలకే సరిపోయింది. చదునైన, వాహనాలు లేని ఒక రోడ్డును ఎంచుకుని, అదే రోడ్డు మీద, అదే దిశలో, అద్దాలు మూసి, ఏసీ ఆపి నాలుగుసార్లు వెళ్లాను. ఫోనులోని కంపన సెన్సరును ముందు సీటు పట్టాకు బిగించి కట్టి, దాని లెక్కలను సెకనుకు ఎన్ని అదుర్లో చెప్పే హెర్ట్జ్‌లలో చూపే యాప్‌లో నమోదు చేశాను. నా ఫోను సెకనుకు 100 సార్లు కొలుస్తుంది కాబట్టి అది 50 హెర్ట్జ్ వరకు ఉన్న అదురును మాత్రమే నమ్మకంగా చూపగలదు. అంతకు మించిన వాటికి ఫోను మైకును వాడాను.

తరువాత కాగితం మీద లెక్క వేశాను. మా టైర్ల కొలత 215/65 ఆర్16. అంచు వ్యాసం 406 మిల్లీమీటర్లు, దానికి పైనా కిందా 140 మిల్లీమీటర్ల చొప్పున టైరు గోడ కలిపితే మొత్తం వ్యాసం దాదాపు 686 మిల్లీమీటర్లు. బరువుకు టైరు కొంచెం అణుగుతుంది కాబట్టి ఒక చుట్టుకు బండి సుమారు 2.1 మీటర్లు ముందుకు వెళ్తుంది. 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు, అంటే చక్రం సెకనుకు దాదాపు 12 చుట్లు తిరుగుతుంది. అదే వేగంలో ఆరో గేరులో ఇంజను నిమిషానికి 1,900 చుట్లు, సెకనుకు దాదాపు 32 చుట్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజను ప్రతి చుట్టుకు రెండుసార్లు మండుతుంది కనుక దాని తాకిడి 63 హెర్ట్జ్ దగ్గర కనిపించాలి. ఫోను చూపిన శిఖరం 12 దగ్గర నిటారుగా నిలబడి ఉంది. కాబట్టి ఈ వణుకు చక్రాలదే. ఇంజనుకు దీనితో సంబంధం లేదు.

ఖాయం చేసుకోవడానికి 95 దగ్గర కొద్ది క్షణాలు గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి చూశాను. ఇంజను చుట్లు పడిపోయినా వణుకూ తగ్గలేదు, వెనుక హోరూ తగ్గలేదు. ఈ పరీక్ష ఖాళీ రోడ్డు మీద మాత్రమే చేయాలి. ఇంజనును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు. ఆపితే బ్రేకుకూ స్టీరింగుకూ అందే సహాయం పోతుంది.

1,18,510 కి.మీ.

టైర్లతో మొదలుపెట్టాను. రాత్రంతా నిలిపి ఉంచిన బండికి ఉదయమే గాలి కొలిస్తే 36, 33, 31, 29 పీఎస్ఐ ఉంది. తలుపు స్తంభం మీద అంటించిన చీటీ 36 ఉండాలని చెబుతోంది. టైరు పక్క గోడ మీద అచ్చువేసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పరిమితి. చాలామంది దాన్నే చూసి గాలి నింపుతారు, అది పొరపాటు. వాతావరణం సుమారు 5.5 డిగ్రీలు చల్లబడితే టైరులో 1 పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి, ఎండలో తిరిగి వచ్చి వేడిగా ఉన్న టైరులో కొలిచిన అంకెను చీటీతో పోల్చడం కూడా తప్పే.

ఎడమ ముందు చక్రానికి ఉండవలసిన సీసపు బరువు రాలిపోయి, దాని ఆనవాలు మాత్రం అంచు మీద మిగిలింది. నాలుగు చక్రాలనూ బ్యాలెన్సింగు చేయించాను. తిరిగి వచ్చి అదే రోడ్డు మీద కొలిస్తే 12 హెర్ట్జ్ శిఖరం మూడో వంతుకు తగ్గింది, కానీ పోలేదు. సాధారణంగా చాలామంది ఇక్కడే విసిగిపోయి "ఈ బండి ఇంతే" అని వదిలేస్తారు. నాకూ ఆ మాట నోటిదాకా వచ్చింది.

మరుసటి రోజు ముందు చక్రాలను వెనక్కి, వెనుకవాటిని ముందుకు మార్చాను. మిగిలిన వణుకు స్టీరింగును వదిలి వెనుక సీటులోకి వెళ్లింది. అంటే లోపం చక్రంతో పాటు కదిలింది, కాబట్టి అది ఇరుసులో గానీ స్టీరింగు లింకుల్లో గానీ లేదు. జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, మిల్లీమీటరులో భాగాలను కూడా చూపే డయల్ గేజీ మొనను టైరు నడుమకు ఆనించి చేత్తో మెల్లగా తిప్పాను. మూడు టైర్లలో ఎత్తుపల్లాల తేడా 0.8 మిల్లీమీటర్లకు లోపే ఉండగా ఒకదానిలో 1.9 కనిపించింది. అంటే ఆ టైరు గుండ్రంగా లేదు. బ్యాలెన్సింగు యంత్రం బరువు ఎటు ఎక్కువగా ఉందో చెబుతుంది, కానీ గాలిలో తిప్పి చూస్తుంది కాబట్టి రోడ్డు మీద బండి బరువు పడినప్పుడు ప్రతి చుట్టుకూ ఒకసారి లేచి దిగే ఈ గుణాన్ని మామూలు యంత్రం పట్టుకోలేదు.

టైరు పారేయనవసరం రాలేదు. అంచుకు కూడా కొంచెం వంకర ఉండి, టైరు ఎత్తూ అంచు ఎత్తూ ఒకే వైపు కలిసిపోయాయేమోనన్న అనుమానంతో, గాలి తీయించి టైరును అంచు మీద సగం చుట్టు తిప్పి మళ్లీ ఎక్కించమని అడిగాను. తేడా 1.9 నుంచి 0.9కి దిగింది. మళ్లీ బ్యాలెన్సింగు చేయించి, ఇరుసు ముఖం మీద పేరుకున్న తుప్పును తీగ బ్రష్షుతో రుద్ది, నట్లను ఎదురెదురు క్రమంలో, బండితో వచ్చిన పుస్తకం చెప్పిన బిగువుకు ఆ బిగువును కొలిచే టార్కు పానాతోనే బిగించాను. వరసగా, ఇష్టం వచ్చినంత బలంతో బిగిస్తే బ్రేకు డిస్కు వంగి, కొన్నాళ్లకు బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగు ఊగే కొత్త జబ్బు పుడుతుంది.

1,18,640 కి.మీ.

90 దగ్గర స్టీరింగు నిలకడగా ఉంది. మొదటి ఫిర్యాదును కొట్టేశాను. అయితే వణుకు తగ్గడంతో హోరు ఇప్పుడు మునుపటికన్నా స్పష్టంగా వినిపిస్తోంది.

ఇలాంటి హోరుకు ముఖ్యంగా రెండు అనుమానాలు ఉంటాయి: మెట్లు మెట్లుగా అరిగిన టైరు, అరిగిన చక్రపు బేరింగు. రెండూ వేగంతోనే పెరుగుతాయి, రెండూ న్యూట్రల్‌లో కూడా వినిపిస్తాయి, చెవికి దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిని వేరు చేసేవి రోడ్డు, మలుపు. టైరు హోరు నున్నటి రోడ్డు నుంచి గరుకు రోడ్డుకు వెళ్లగానే స్వరం మార్చుకుంటుంది. బేరింగు హోరుకు కింద ఏ రోడ్డు ఉందన్న పట్టింపు దాదాపు ఉండదు. బండిని ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీదికి వాలుతుంది, అప్పుడు హోరు పెరిగితే కుడివైపు బేరింగును చూడాలి. మా బండిలో గరుకు రోడ్డు మీద స్వరం మారలేదు, పొడవైన ఎడమ మలుపులో మాత్రం గట్టిగా పెరిగింది.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. డ్రైవరు సీటులో కూర్చున్న నాకు ఆ ధ్వని కుడి ముందు చక్రం దగ్గర నుంచి వస్తున్నట్టే అనిపించి, ముందు బేరింగు కొనడానికి సిద్ధపడ్డాను. ధ్వని నేల రేకులో ప్రయాణించి ఎక్కడో తేలుతుందని తెలిసీ అమ్మ మాటను పక్కన పెట్టాను. కొనబోయే ముందు ఒకసారి బండిని ఆమె వరుసలో కూర్చుని వినాలనిపించి, తమ్ముడి చేత నడిపించాను. సందేహం తీరిపోయింది: ధ్వని వెనుక కుడివైపు, సరిగ్గా చక్రపు గూడు కింద ఉంది.

ఇల్లు చేరగానే ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టి, చేతి బ్రేకు వదిలి, వెనుక భాగాన్ని ఎత్తాను. ఒక చేత్తో స్ప్రింగును పట్టుకుని మరో చేత్తో చక్రం తిప్పితే, ఎడమవైపు ఏమీ తెలియలేదు, కుడివైపు ఇసుక నలిగినట్టు ఒక సన్నని గరగర వేళ్లకు అందింది. ఇంకో విషయం కూడా అప్పుడే బయటపడింది. ఎడమ చక్రం ఒక తోపుకు మూడు చుట్లు తిరిగితే, కుడి చక్రం అర చుట్టుకే ఆగిపోతోంది. నేను బేరింగు కోసం వెళ్లాను, బ్రేకు దొరికింది.

1,18,690 కి.మీ.

విప్పడానికి ముందు ఆ అనుమానాన్ని కూడా కొలవాలనుకుని, బ్రేకు సాధ్యమైనంత తక్కువగా వాడుతూ 20 కిలోమీటర్లు నడిపి, ఆగగానే ఇన్‌ఫ్రారెడ్ ఉష్ణమాపకంతో నాలుగు డిస్కులనూ చూశాను. ముందు రెండూ 58, 61 డిగ్రీలు, వెనుక ఎడమది 47, వెనుక కుడిది 96. మెరిసే లోహం మీద ఈ పరికరం అసలు కన్నా తక్కువ చూపుతుంది కాబట్టి ఈ అంకెలను పోలికకే వాడాను, అందుకోసం నాలుగింటిలోనూ ఒకే చోట గురిపెట్టాను. ఒక చక్రం మిగతా జతకన్నా రెట్టింపు వేడెక్కిందంటే, ఆ వేడి అంతా మేము కొన్న పెట్రోలే.

ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపరును విప్పితే లోపలి ప్యాడు 3 మిల్లీమీటర్లు, బయటిది 7 మిల్లీమీటర్లు ఉంది. కాలిపరు అటూ ఇటూ జారవలసిన రెండు పిన్నుల్లో ఒకటి తుప్పుతో బిగుసుకుపోయింది. దాని రబ్బరు తొడుగు చిరిగి నీరు దూరడమే కారణం. కాలిపరు జారలేకపోతే పిస్టను తోసిన లోపలి ప్యాడే భారమంతా మోస్తుంది, బ్రేకు వదిలాక కూడా పూర్తిగా వెనక్కి రాదు. పిన్నును, దాని రంధ్రాన్ని శుభ్రం చేసి, కొత్త తొడుగులు వేసి, బ్రేకుల కోసం తయారైన సిలికోన్ గ్రీజు పూశాను. మామూలు ఖనిజ గ్రీజు వాడితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. బ్రేకు ధూళిని ఊదడం గానీ గాలిపంపుతో కొట్టడం గానీ చేయకుండా తడిగుడ్డతో తుడిచాను. వెనుక ఇరుసు రెండు వైపులా కొత్త ప్యాడ్లు వేశాను.

బేరింగు ఇరుసు ముక్కతో కలిపి నాలుగు బోల్టుల మీద నిలిచే రకం కాబట్టి ఇంట్లోనే మార్చగలిగాను. తుప్పు పట్టిన ఆ బోల్టులకు మాత్రం ఒక సాయంత్రమంతా పట్టింది. నెలల తరబడి పక్కనే డిస్కు కాలుతుండడం వల్ల బేరింగులోని గ్రీజు చెడి ఉంటుందని నా అనుమానం. ఆ రెండూ ఒకే చక్రంలో కలిసి పాడవడం కేవలం కాకతాళీయమని నమ్మడం నాకు కష్టంగా ఉంది. మూడో వరుసలో 80 దగ్గర ఫోను కొలిచిన ధ్వని 3 డెసిబెల్స్ తగ్గింది, అంటే ధ్వని శక్తి సగానికి పడింది. ఫోను చూపే అసలు అంకెకు విలువ లేదు. అదే ఫోను, అదే సీటు, అదే రోడ్డు అయినప్పుడు ముందుకూ తరువాతకూ ఉన్న తేడాకు మాత్రం విలువ ఉంది. "తిరగలి ఆగిందిరా" అని అమ్మ చెప్పాకే ఆ ఫిర్యాదును కొట్టేశాను.

1,18,930 కి.మీ.

మైలేజీ విషయంలో ముందు నా కొలత ఎంత గట్టిదో చూసుకోవాలి. నింపే గొట్టం తనంతట తాను ఆగే చోటు ప్రతిసారీ ఒకటి కాదు. 45 లీటర్లలో లీటరున్నర తేడా వచ్చిందంటే అప్పటికే 3 శాతానికి మించి తప్పు దొర్లినట్టు. అందుకే ఒక్క ట్యాంకు చూసి మైలేజీ పెరిగిందనీ తగ్గిందనీ చెప్పడం నాకు ఇష్టం లేదు, మూడు ట్యాంకులు కలిపే లెక్క వేస్తాను. ఓడోమీటరు కూడా చక్రపు చుట్లనే లెక్కపెడుతుంది. టైరు గాడుల లోతు 8 మిల్లీమీటర్ల నుంచి 3కి అరిగితే వ్యాసం 10 మిల్లీమీటర్లు తగ్గి, నడవని దూరాన్ని 1.5 శాతం అదనంగా చూపుతుంది. కొత్త టైర్లు వేశాక మైలేజీ పడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో కొంత భాగం ఇదే.

గాలి ఫిల్టరు మార్చమని తమ్ముడు సలహా ఇచ్చాడు. మార్చాను, మురికిగానే ఉంది, కానీ దాని నుంచి మైలేజీ ఆశించలేదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో చేసిన పరీక్షల్లో, కంప్యూటరు నియంత్రణలో నడిచే పెట్రోలు ఇంజన్లలో ఫిల్టరు మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగ్గంతగా మారలేదు, వేగం అందుకునే శక్తి మాత్రం తగ్గింది. లోపలికి వచ్చే గాలి తగ్గితే కంప్యూటరు పెట్రోలునూ అంతే తగ్గిస్తుంది కాబట్టి ఇది అర్థమయ్యే విషయమే.

స్టీరింగు కింద ఉన్న 16 పిన్నుల ఓబీడీ సాకెట్టుకు (ఇంజను కంప్యూటరు లెక్కలను చదవగలిగే చోటు) రీడరు తగిలించి గంటసేపు నడిపాను. దీర్ఘకాలిక ఇంధన సవరణ, అంటే కంప్యూటరు తన మూల లెక్కకన్నా అదనంగా పోయించే పెట్రోలు, 2 నుంచి 3 శాతం దగ్గర నిలకడగా ఉంది. గాలి ఎక్కడైనా లోపలికి కారుతున్నా, గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సరు మురికిపట్టినా ఈ అంకె పది దాటి పైకి పోయేది. కాబట్టి ఆక్సిజన్ సెన్సరు మార్చమని ఇదివరకు వచ్చిన సలహాను పక్కన పెట్టాను. అసలు దోషం పక్క గడిలో ఉంది: 40 నిమిషాలు నడిచాక కూడా కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) 71 నుంచి 74 డిగ్రీల మధ్యే తిరుగుతోంది. మా ఇంజనులో కూలెంటును రేడియేటరుకు వదిలే థర్మోస్టాట్ తెరుచుకోవడమే 82 దగ్గర మొదలవుతుంది. డ్యాష్‌బోర్డు మీది ముల్లు మాత్రం ఎప్పటిలాగే నడుమనే నిలబడి ఉంది. ఆ ముల్లు చాలా బండ్లలో ఒక విస్తారమైన పరిధి అంతటికీ ఒకే చోట ఆగేలా తయారవుతుంది కాబట్టి దాన్ని ఉష్ణమాపకంగా నమ్మకూడదు.

ఇంజను పూర్తిగా చల్లారాక కూలెంటు దించి థర్మోస్టాట్ తీశాను. వేడిగా ఉండగా ఆ మూత తెరిస్తే మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. బయటికి వచ్చిన థర్మోస్టాట్ గది వేడిమిలోనే ఒక కాగితం దూరేంత తెరుచుకుని ఉంది. కొత్తదాన్ని నీళ్ల గిన్నెలో వేలాడదీసి వేడిచేసి, 82 దగ్గర కదలడం మొదలుపెట్టిందని కళ్లతో చూశాకే బిగించాను. కూలెంటు నింపి, గాలి బుడగలు పోయేవరకు హీటరు పెట్టి నడిపాను. ఇప్పుడు 88 నుంచి 91 మధ్య ఉంటోంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ నూనె చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది, పెట్రోలు సరిగా ఆవిరికాదు, పైగా మా బండిలో ఆటోమేటిక్ గేరుపెట్టె వేడెక్కేదాకా టార్కు కన్వర్టరును (ఇంజను తిప్పుడును ద్రవం ద్వారా గేరుపెట్టెకు అందించే భాగం) జారకుండా లాక్ చేయడం ఆలస్యం చేస్తుంది.

1,19,310 కి.మీ.

ఈ ఆఖరి విషయం నాకు ఎదురుదెబ్బ కొట్టింది. థర్మోస్టాట్ మార్చాక గేరుపెట్టె త్వరగా ఆరో గేరుకు వెళ్లి లాక్ అవుతోంది. దానితో ఇంతకుముందు అప్పుడప్పుడే వినిపించిన గుమ్మనే ధ్వని ఇప్పుడు 70 దగ్గర ప్రతిసారీ వస్తోంది. మైలేజీ కోసం చేసిన పని ధ్వనిని పెంచిందని ఇంట్లో వాళ్లకు వివరించడం సులభం కాలేదు.

70 దగ్గర ఇంజను దాదాపు 1,500 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 25 చుట్లు, 50 తాకిళ్లు. మా బండి క్యాబిన్‌ను ముందు అద్దం నుంచి వెనుక తలుపు వరకు కొలిస్తే సుమారు 3.4 మీటర్లు వచ్చింది. రెండు కొనలూ మూసి ఉన్న గొట్టంలో గాలి ఊగే మొదటి స్వరాన్ని, ధ్వని వేగం 343ను పొడవుకు రెట్టింపుతో భాగించి తెలుసుకోవచ్చు. అది కూడా 50 హెర్ట్జే. సెడాన్ కారులో వెనుక సీటు, దాని వెనుక అర కలిసి డిక్కీని వేరుచేస్తాయి. మినీవ్యాన్‌లో అలాంటి అడ్డు ఏదీ లేక ముందు నుంచి వెనుకదాకా ఒకే గది ఉంటుంది, చివరన వెడల్పాటి వెనుక తలుపు డప్పు చర్మంలా నిలబడుతుంది. ఒత్తిడి ఎక్కువగా ఊగేది ఆ రెండు కొనల దగ్గరే కాబట్టి నడుమ వరుసలో కూర్చున్నవారికి ఈ ధ్వని దాదాపు తెలియదు. మా ఇంట్లో నడుమ వరుసలో కూర్చునే పిల్లలు "ఏ శబ్దమూ లేదు" అని ఎందుకు వాదించారో నాకు ఈ లెక్కతోనే అర్థమైంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు ఎక్కువ సంతోషం కలిగించిన ఘట్టం ఇదే.

గది పొడవును మార్చలేను కాబట్టి ఆ 50 హెర్ట్జ్ రేకులోకి చేరే దారిని వెతకాలి. బానెట్టు తెరిచి, చేతి బ్రేకు వేయించి, బ్రేకు గట్టిగా తొక్కి ఉంచమని తమ్ముడికి చెప్పి, నేను బండికి పక్కగా నిలబడ్డాను. ముందుకు, వెనక్కు గేరు మార్చినప్పుడల్లా ఇంజను పిడికిలి మందం ఊగుతోంది. దాన్ని కిందినుంచి ఆపవలసిన టార్కు రాడ్డు రబ్బరు రెండుగా చీలిపోయి, ఇనుము ఇనుముకు తగులుతోంది. ఆగి ఉన్నప్పుడు సీటు అదరడానికీ ఇదే మూలం: 750 చుట్ల దగ్గర ఇంజను సెకనుకు 25 సార్లు తాకుతుంది, ఆ తాకిడి రబ్బరులో అరగకుండా నేరుగా నేలకు చేరింది.

కొత్త రాడ్డు బిగించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బోల్టులను ముందు వదులుగా ఉంచి, ఇంజనును చేత్తో ఊపి, అది తన సహజ స్థానంలో నిలబడ్డాకే చివరి బిగువు ఇవ్వాలి. లేకపోతే రబ్బరు పుట్టుకతోనే మెలితిరిగి, కొత్తదైనా అదురును దాటిస్తూ త్వరగా చిరుగుతుంది. సీటు అదురు వెంటనే పోయింది. గుమ్మనే ధ్వని బాగా తగ్గినా పూర్తిగా పోలేదు. వెనుక తలుపు మూలల్లో ఉన్న రబ్బరు దిమ్మెలను రెండు చుట్లు బయటికి తిప్పి, తలుపు బిగువుగా మూసుకునేలా చేశాక ఇంకొంచెం తగ్గింది. మిగిలినదాన్ని గేరు చేత్తో తగ్గించి పోగొట్టవచ్చు, కానీ దానికి పెట్రోలు ఖర్చవుతుంది కాబట్టి ఆ మిగులును ఒప్పుకున్నాను.

1,19,640 కి.మీ.

చిన్న పనులు రెండు రోజుల్లో అయ్యాయి. ముందు టకటకకు మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజరు కడ్డీ లింకుల కీళ్లు కారణం, రెండు వైపులా మార్చాను. వెనుక సీట్ల కొక్కేలకు ఫెల్టు గుడ్డ చుట్టాను, జాకీని దాని గూటిలో బిగించాను. ఈల కోసం పెయింటర్లు వాడే కాగితపు టేపుతో ముందు అద్దం అంచును, తలుపు సందులను ఒక్కొక్కటిగా మూస్తూ వెళ్లాను. ఏదీ పనిచేయలేదు. పైకప్పు మీది అడ్డ కడ్డీలను విప్పగానే ఈల ఆగిపోయింది. సామాను లేకపోయినా ఏడాదిగా అవి అక్కడే ఉన్నాయి, గాలిని చీలుస్తూ పెట్రోలునూ తింటూ ఉన్నాయి. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది. 90 నుంచి 110కి వెళ్తే అది దాదాపు 49 శాతం ఎక్కువవుతుంది. ఇంత ఎత్తూ వెడల్పూ ఉన్న బండికి ఆ పెంపు చిన్న కారుకన్నా భారంగా తగులుతుంది.

1,20,730 కి.మీ.

కడ్డీలు తీశాక మూడు ట్యాంకులు కలిపి లెక్క వేయాలనుకున్నాను గానీ, ఇప్పటికి రెండున్నర ట్యాంకుల దూరమే నడిచింది కాబట్టి మూడోదాన్ని సగంలోనే నింపి లెక్క కట్టాను. 99.6 లీటర్లకు 1,090 కిలోమీటర్లు, అంటే లీటరుకు 10.9. పాత 11.2కు ఇంకా కొంచెం తక్కువే. దానిలో బ్రేకు వాటా ఎంత, థర్మోస్టాట్ వాటా ఎంత, టైర్ల గాలిదీ కడ్డీలదీ ఎంత అని విడదీయలేను. ఒక్కొక్క పనికీ మధ్య మూడేసి ట్యాంకులు ఆగివుంటేనే ఆ విభజన సాధ్యమయ్యేది, కాలుతున్న బ్రేకుతో అన్ని రోజులు బండి నడపడం సరి కాదు.

ఎనిమిదింటిలో జారుడు తలుపు కిర్రు ఒక్కటే మిగిలింది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు, బండి ఒక మూల రోడ్డు అంచు మీదికి ఎక్కినప్పుడు మాత్రమే వస్తోంది, తలుపు రబ్బరుకు సిలికోన్ పూసినా తగ్గలేదు. నడుమ పట్టాలోని రోలరు మీద అనుమానం ఉంది, వచ్చే ఆదివారం దాన్ని విప్పుతాను. సాయంత్రం మళ్లీ 20 కిలోమీటర్లు నడిపి డిస్కులను చూశాను. వెనుక ఎడమది 48 డిగ్రీలు, కుడిది 50.